రాయగడలో వీణ రిపేరు: మాస్టారు లేని షాపులో మేళం

ముందే చెప్తున్నా, షాపు రివ్యూ అని మొదలుపెట్టాను గానీ ఇందులో సగం మా మాస్టారి గురించే ఉంటుంది. షాపు సంగతి మాత్రమే కావాల్సినవాళ్లకి: వీణ మేళం పని, అంటే స్వరాల మెట్లు మైనంతో కట్టే పని, ఇప్పటికీ బాగుంది, చెప్పిన రోజుకి ఇవ్వరు, ఫోన్ ఎత్తరు. నాలుగు స్టార్లు.

రాయగడలో పాతవాళ్లందరికీ ఈ షాపు తెలుసు. బోర్డు మీద ఒడియాలో ఒక లైను, కింద తెలుగులో ఒక లైను, రెండూ వెలిసిపోయాయి. ముందు గదిలో చాప, వెనక గదిలో ఉలులు, బాడిస, మైనం కాచే కుంపటి. సాయంత్రం మేము ముందు గదిలో సరళీవరసలు వాయిస్తుంటే వెనక నుంచి చిత్రిక పట్టే శబ్దం వస్తూ ఉండేది, ఎవరి వేలైనా తప్పు మెట్టు మీద పడిందో, ఆ శబ్దం ఆగిపోయేది. అంతే, మాస్టారు బయటికి రారు, ఒక్క మాట అనరు. మళ్లీ చిత్రిక మొదలయ్యేదాకా మాకు టెన్షన్.

ఆయన పాఠం నేర్చుకుంది విజయనగరం సంగీత కళాశాలలో. 1919లో పెట్టిన కాలేజీ, ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాలు, ఈ రెండు ముక్కలూ చెప్పేటప్పుడు మాస్టారు కూర్చున్నచోటే నడుం నిటారుగా పెట్టేవారు. ఉలి పట్టింది మాత్రం బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో, అదే కుండా (వీణకి గుండ్రటి భాగం) దండీ (మెట్లుండే పొడుగాటి భాగం) విడివిడిగా చేసి అతక్కుండా ఒకే పనస దుంగలోంచి తొలిచే ఊరు. పార్వతీపురం మీదుగా రైల్లో వెళ్లొచ్చేవారు. ఫీజు ఎవరు ఎంతిచ్చినా లెక్కపెట్టుకోవడం నేను చూడలేదు, కానీ తీగలు సొంతంగా శృతి చేసుకోవడం రానివాళ్లకి వర్ణం మొదలుపెట్టేవారు కాదు. నాకు రెండేళ్లు పట్టింది, అది వేరే కథ.

ఇక పని సంగతి. మా అమ్మ వీణకి మేళం వదులైతే, అప్పుడు నేనున్న సిటీలో ఒక పెద్ద షాపులో ఇచ్చాను. ఏసీ, సోఫా, బిల్లు, అన్నీ ఉన్నాయి. ఇంటికి తెచ్చి వాయిస్తే తీగ లాగినప్పుడల్లా మెట్టు కదులుతోంది, పై స్థాయిలో రెండు స్వరాలు ఒకటిలాగే పలుకుతున్నాయి. అడిగితే 'చెక్క పాతది మేడమ్' అన్నారు. సెలవులకి రాయగడ తెచ్చి మాస్టారికి చూపించాను. గోటితో మైనం గీకి చూసి, "ఏటమ్మా ఇది, మైనం పెట్టారా, తారు పోసారా?" అన్నారు. చెక్కని ఒక్క మాటా అనలేదు.

తెలియనివాళ్లకి చెప్తాను, వీణకి 24 మెట్లు, స్థాయికి 12 చొప్పున. అవి చెక్కలో దిగ్గొట్టినవి కావు, తేనెమైనంలో మసి కలిపి కాచి, దండి మీద రెండు వైపులా గట్లలా పోసి, వాటి మీద ఒక్కొక్క మెట్టూ చెవితో విని కూర్చోబెట్టాలి. వెంట్రుకవాసి జరిగినా స్వరం మారిపోతుంది. అందుకే ఎండకి మెత్తబడినా, ఏళ్లు గడిచి వదులైనా మొత్తం తీసి మళ్లీ కట్టించుకోవాల్సిందే. పైకి వెళ్లేకొద్దీ మెట్లు దగ్గరవుతాయి, పనితనం తెలిసేది అక్కడే.

అప్పటికే మాస్టారికి వినికిడి బాగా తగ్గింది. మనం మాట్లాడితే రెండోసారి చెప్పాలి. మేళం దగ్గర మాత్రం తీగ మీటి, వంగి, గడ్డం కుండకి ఆనించి, కళ్లు మూసుకునేవారు. చెక్కలోంచి వచ్చే అదురు ఎముకకి తెలిసేదేమో మరి. అలా 24 మెట్లూ కట్టారు, నాలుగు తీగల మీదా సరిచూశారు. ఆ మేళం ఏడేళ్లు నిలిచింది.

మాస్టారు పోయిన ఏడాది కాలం చేశారు. ఈ ఎండాకాలం మేళం వదులైతే షాపు ఉందో లేదో అనుకుంటూనే వెళ్లాను. ఆయన చివరి రోజుల్లో చేరిన కుర్రాడు నడుపుతున్నాడు. 4,500 అన్నాడు, నాలుగు రోజులన్నాడు. పదకొండు రోజులు పట్టింది, ఫోన్‌పే చేశాను, బిల్లు లేదు. దూరం నుంచి వచ్చేవాళ్లు రైలు టిక్కెట్టు ముందే తీసుకోకండి, నేను రెండుసార్లు క్యాన్సిల్ చేసుకున్నాను. దీనికే ఒక స్టారు తీసేశాను, మాస్టారున్నా తీసేదాన్నే, ఆయనా చెప్పిన రోజుకి ఎప్పుడూ ఇవ్వలేదు. పని మాత్రం శుభ్రంగా ఉంది. చివరి మెట్టు ఒక్కటి కొంచెం జీరగా పలుకుతోంది, చెప్తే తెమ్మన్నాడు, డబ్బులొద్దన్నాడు.

చివరి రోజు నేనూ పక్కనే కూర్చున్నాను. కుర్రాడికి ముప్ఫై కూడా ఉండవు, బయట ఆటో హారన్ కొడితేనే చిరాకు పడుతున్నాడు, అంత బాగా వినపడతాయి చెవులు. అయినా పై మెట్ల దగ్గరకి రాగానే తీగ మీటి, వంగి, గడ్డం కుండకి ఆనించి, కళ్లు మూసుకున్నాడు. అలా ఎందుకు తమ్ముడూ అన్నాను.

"మేళం అలాగే కదక్కా చూస్తారు," అన్నాడు.