కొత్త హైవేనా, పాత రోడ్డు వెడల్పా: ఊరికి ఏది మేలు?

కడప జిల్లాలో రోడ్డు మాట వచ్చినచోటల్లా ఒకటే వాదన. పొలాల మీదుగా కొత్త హైవే వస్తే మంచిదా, ఉన్న రోడ్డునే నాలుగు వరుసలు చేస్తే మంచిదా? అందరూ పోయే ఎకరాలు లెక్కబెడతారు. నేను చూసేది ఇంకొకటి: ఏ రోడ్డుకు అనుమతి ఇచ్చేటప్పుడు ఊరి మాట కాగితం మీదికి ఎక్కుతుంది? పదేళ్ల తర్వాత వంక పొంగిన రోజున చేతిలో ఉండేది ఆ కాగితమే.

పరిహారం సంగతి పక్కన పెట్టేయొచ్చు. 2015 జనవరి 1 నుంచి జాతీయ రహదారులకు తీసుకునే భూమికీ 2013 భూసేకరణ చట్టం లెక్కే కడుతున్నారు. రెండు రోడ్లకూ ఒకటే లెక్క.

వెడల్పు పనిలో నష్టం కంటికి చిన్నగా కనిపిస్తుంది. రోడ్డు వారన కొంత పట్టీ, నాలుగు అంగళ్లు, నీడనిచ్చే చింతచెట్లు పోతాయి. బస్సు ఎప్పటిలాగే ఊళ్లో ఆగుతుంది, టీ అంగడి బతుకుతుంది. ఇబ్బంది అనుమతి దగ్గర ఉంది. 2006 పర్యావరణ ప్రభావ నోటిఫికేషన్‌ను 2013లో సవరించాక, జాతీయ రహదారి విస్తరణ 100 కి.మీ. దాటాలి, దాంతోపాటు పాత దారి వెంబడి 40 మీటర్లకు మించి అదనపు భూమి తీసుకోవాలి. అప్పుడే పర్యావరణ అనుమతి అవసరం. అంత కొలతకు రాని పనికి ఆ అనుమతీ లేదు, దానికోసం జరిగే ప్రజాభిప్రాయ సేకరణా లేదు. మిగిలేది జాతీయ రహదారుల చట్టంలో అభ్యంతరాలు తీసుకునే సెక్షన్ 3సీ. భూసేకరణ నోటిఫికేషన్ వెలువడిన 21 రోజుల్లో అభ్యంతరం రాసివ్వాలి. అదీ ఆ భూమితో సంబంధం ఉన్నవాళ్లే. సెంటు భూమి పోని గొర్రెల కాపరి, తన దోవ మూసుకుపోతోందని చెప్పుకోవడానికి అక్కడ చోటు లేదు.

మా మేనమామ వాళ్లది రోడ్డు పక్క పొలం. వెడల్పు చేసినప్పుడు పాత కల్వర్టు తీసేసి సన్నపాటి గొట్టాలు వేశారు. గట్టివాన పడితే వంక నీళ్లు శనగ చేలో నిలబడతాయి. అడిగితే డిజైన్‌లో అంతే ఉందన్నారు. పర్యావరణ అనుమతి ఉంటే అందులో షరతులు రాస్తారు. ఇక్కడ షరతు అనేది ఎక్కడా రాసి లేదు కాబట్టి, షరతు తప్పారని ఫిర్యాదు చేయడానికీ వీల్లేకపోయింది. నా ఆలోచన మారింది అప్పుడే.

కొత్త హైవే కొట్టే దెబ్బ నిజంగా పెద్దది. కొడికొండ నుంచి ముప్పవరం దాకా వేసే జాతీయ రహదారి 544జీ లాంటి రోడ్డు పొలాన్ని రెండు ముక్కలు చేస్తుంది. బోరు ఇటు, చీనీ తోట అటు. ఇంటి ముందే రోడ్డు ఉన్నా ఎక్కడానికి దారి ఉండదు, ఎక్కే దిగే కూడలి, అంటే ఇంటర్‌ఛేంజి దాకా పోవాల్సిందే. నాలుగెకరాల తోట ఒక్కటే ఆధారమైన రైతుకు ఇది మేలని నేను చచ్చినా చెప్పను.

కానీ కొత్త జాతీయ రహదారికి పర్యావరణ అనుమతి తప్పనిసరి. 30 రోజుల ముందు పత్రికల్లో ప్రకటన ఇచ్చి, కలెక్టరు గానీ, అదనపు కలెక్టరు స్థాయికి తగ్గని అధికారి గానీ అధ్యక్షత వహించి, జిల్లాలోనే ప్రజాభిప్రాయ సేకరణ జరపాలి. పర్యావరణ ప్రభావ నివేదిక సారాంశం తెలుగులో దొరకాలి. సభ మొత్తం వీడియో తీయాలి. చివర్లో ఎవరేమన్నారో తెలుగులో చదివి వినిపించాలి. భూమి లేని కూలీ కూడా మాట్లాడొచ్చు, రాసి ఇవ్వొచ్చు. లేచిన ప్రతి అభ్యంతరానికీ తుది నివేదికలో జవాబు ఉండాలి. అందుకే అక్కడ "మా ఊరికి న్యాయం చేయండి" అని కూర్చోకూడదు. ఫలానా సర్వే నంబరు దగ్గర వంకకు ఇంత వెడల్పు బాక్స్ కల్వర్టు, ఫలానా చోట ట్రాక్టరు పట్టే అండర్‌పాస్, బోరు పైపుకు రోడ్డు కింద గొట్టం అని అడగాలి. అంత కచ్చితంగా అడిగితేనే అది షరతుగా మారే వీలుంటుంది.

మ్యాపు మీద ఒకసారి గీసిన దారి గీత ఇక కదలదనేవాళ్లకు మన జిల్లా కలివి కోడిని గుర్తుచేస్తాను. అంతరించిందనుకున్నాక 1986లో లంకమల దగ్గర మళ్లీ కనిపించిన ఆ పిట్ట కోసం తెలుగు గంగ కాలువ దారినే మార్చారు.

షరతు రాసినంత మాత్రాన పని అయిపోదు. రోడ్డు వేసే సంస్థ ఏటా జూన్ 1కి, డిసెంబరు 1కి షరతుల అమలు నివేదిక ఇవ్వాలి. అందులో "పాటిస్తున్నాం" అని ఒక్క మాట రాసి వదిలేసే ప్రమాదం ఉంది. నివేదిక తెచ్చుకుని, ఫొటోతో పోల్చి, కేంద్ర పర్యావరణ శాఖ ప్రాంతీయ కార్యాలయానికి పంపడం ఊరి పని. అనుమతినే సవాలు చేయాలంటే చెన్నైలోని హరిత ట్రిబ్యునల్‌కు 30 రోజుల్లో పోవాలి. గుట్టలు తవ్వి ఎర్రమట్టి తోలే విషయం కూడా చూడండి. రోడ్లకు మట్టి తీయడానికి పర్యావరణ అనుమతి అక్కర్లేదని 2020లో ఇచ్చిన మినహాయింపును 2024 మార్చిలో సుప్రీంకోర్టు కొట్టేసింది. 2025లో పరిమితులతో మళ్లీ మినహాయింపు ఇచ్చారు. చెరువు పక్క గుట్ట మీద పొక్లెయిను కనిపిస్తే అనుమతి పత్రం చూపమని అడగండి.

నా తూకం ఇది. ఉన్న ప్రభుత్వ స్థలంలోనే సరిపోయే వెడల్పు అయితే పాత రోడ్డే మేలు. రెండు పక్కలా భూమి తీసుకుని, వంకల మీద కట్ట ఎత్తే వెడల్పు అయితే, అడిగే హక్కున్న కొత్త రోడ్డే నయం. వెడల్పే ఖాయమైన ఊళ్లు మాత్రం 3సీ కోసం ఎదురుచూడకండి. సర్వే రాళ్లు పాతుతున్నప్పుడే గ్రామసభ పెట్టి, వంకలు, దోవలు, బోర్లు సర్వే నంబర్లతో తీర్మానంలో రాసి, కలెక్టరుకూ ప్రాజెక్టు డైరెక్టరుకూ ఇచ్చి రసీదు తీసుకోండి. మా మామ ఊరి వాళ్లు ఆ పని చేయలేదు. ఈ ఏడూ శనగ విత్తే ముందు ఆ చేలో నీళ్లు తోడాల్సిందే.