పోత ఇనుప పెనం, చామదుంపల వేపుడు: ఆరు నెలల అనుభవం

నాన్‌స్టిక్ పెనం మీద చామదుంపల వేపుడు చేసినన్నాళ్లూ నాది ఒకటే ఏడుపు. ముక్క ఉడికినట్టుంటుంది గానీ వేగినట్టుండదు. నెల్లూరులో అమ్మ పాత ఇనుప మూకుట్లో చేస్తే అంచులు ఎర్రగా కరకరలాడేవి, లోపల వెన్నలా ఉండేది. ఆ మూకుడు ఇమ్మంటే ఇవ్వనంది. సరేనని పోయిన దీపావళి ముందు చెన్నై రంగనాథన్ వీధి జనంలో పడి, ఒక పాత్రల కొట్లో పదంగుళాల పోత ఇనుప పెనం కొన్నా. 1,150 రూపాయలు. రెండున్నర కిలోల బరువు. వెస్ట్ మాంబళంలో ఇంటికి చేరేసరికి సంచి పట్టుకున్న వేళ్లు తెల్లబడ్డాయి.

ముందు తిట్టాల్సింది తిట్టేస్తా. "సీజనింగ్ అయిపోయింది సార్, కళువిట్టు అప్పడియే యూస్ పన్నలాం" అన్నాడు కొట్టతను. అంటే నూనె పట్టించి కాల్చడం అయిపోయింది, కడిగి అలాగే వాడుకోవచ్చు అని. ఇంటికొచ్చి కడిగితే నల్లనీళ్లు. మూడుసార్లు తోమాక కూడా గుడ్డకు మసి అంటుకుంటూనే ఉంది. మొదటి దోసె సగం పెనానికే అతుక్కుపోయింది. పక్కింటి మామి చెప్పినట్టు మూడు రోజులు బియ్యం కడిగిన నీళ్లలో నానబెట్టి, రోజూ నీళ్లు మార్చి, ఆపైన నువ్వులనూనె రాసి పొగ వచ్చేదాకా కాల్చి, సగం ఉల్లిపాయతో రుద్ది... ఇలా నాలుగు విడతలయ్యాక గానీ దారికి రాలేదు.

దారికొచ్చాక మాత్రం, అబ్బ! చామదుంపలు (ఇక్కడ సేపంకిళంగు అని అడగాలి) అర కిలో, అన్నీ ఒకే సైజువి ఏరుకుంటా. కుక్కర్లో ఒక్క విజిల్, అంతే. రెండో విజిల్ వచ్చిందా, ఇక అది వేపుడు కాదు, ముద్దకూర. తొక్క తీసి, చక్రాల్లా కోసి, ఫ్యాను కింద గుడ్డ మీద పావుగంట ఆరబెడితే జిగురు తగ్గుతుంది. ఉప్పు, పసుపు, చెంచాడు బియ్యప్పిండి పట్టించి, బాగా కాగిన పెనం మీద ఒకే వరసలో పరుస్తా. నాలుగు నిమిషాలు అట్లకాడ ముట్టుకోను. చెయ్యి దురద పెడుతుంది, అయినా ముట్టుకోను. తిరగేస్తే కింద బెల్లంరంగు పొర కట్టి, ముక్క దానంతటదే ఊడి వస్తుంది. రెండోవైపూ వేగాక దంచిన వెల్లుల్లి, జీలకర్ర, కరివేపాకు. కారం మాత్రం పొయ్యి ఆర్పాకే. ఈ పెనం వేడి అంత త్వరగా చల్లారదు, మంట మీద కారం వేస్తే మాడి ఇల్లంతా దగ్గులే.

ఒకసారి బుద్ధిలేక పెనం మీదే చింతపండు రసం పోశా. చామదుంపల్లో గొంతు దురద పెట్టేది కాల్షియం ఆక్సలేట్, దానికి పులుపు మంచిదని అమ్మ చింతపండు నీళ్లలో ఉడికిస్తుంది లెండి. కానీ ఉడికించేది వేరే గిన్నెలో! పులుపుకు నేను నాలుగు విడతల్లో పట్టించిన నూనెపొర లేచిపోయింది, ముక్కలు నల్లబడ్డాయి, కూరంతా ఇనుప వాసన. మళ్లీ మొదటికొచ్చా.

చిన్న బర్నర్ మీద పెడితే నడుమ మాడుతుంది, అంచులు పచ్చిగా ఉంటాయి. సన్నమంట మీద ఏడెనిమిది నిమిషాలు కాగనివ్వాలి. పిడి కాలుతుంది, మసిగుడ్డ లేకుండా పట్టుకోవద్దు. నవంబరు వానల్లో ఒక రాత్రి తడిగా వదిలేస్తే పొద్దుటికి తుప్పు.

సంక్రాంతికి అమ్మ వచ్చి పప్పుచారులో ఈ వేపుడు నంజుకుని తిన్నది. "ఉప్పు చాల్లేదు నాయనా" అంటూనే ఇంకో గరిటెడు వేసుకుంది. పెనం ఒకసారి ఎత్తి చూసి వెంటనే దించేసింది.

నా లెక్కలో ఐదుకు నాలుగు. తగ్గించిన ఆ ఒక్కటీ పెనానికి కాదు, "అప్పడియే యూస్ పన్నలాం" అన్న మాటకి.