నడుం పట్టేస్తే: కైరోప్రాక్టర్ విరుపా, ఫిజియో వ్యాయామమా?

"వెన్నుపూస పక్కకు జరిగింది, ఒక్క విరుపుతో మళ్లీ కూర్చోబెడతాం" అంటూ టప్‌మని శబ్దం వినిపించే వీడియోలు ఫోన్లో రోజూ కనిపిస్తాయి. ముందు ఆ శబ్దం సంగతి చూద్దాం. వెన్నుపూసల వెనక ఫేసెట్ కీళ్లు అని చిన్న కీళ్లు ఉంటాయి. కైరోప్రాక్టర్, అంటే చేత్తో వెన్ను విరిచి చికిత్స చేసేవాడు, కీలును అది కదలగలిగినంత మేర తిప్పి, అక్కడ చిన్న కుదుపు వేగంగా ఇస్తాడు. కీలు లోపలి ద్రవంలో ఒత్తిడి ఒక్కసారిగా పడిపోయి వాయువు బుడగ ఏర్పడుతుంది. వేళ్లు విరుచుకున్నప్పుడు వచ్చే శబ్దమూ అదే. ఆ కీలు మళ్లీ మోగాలంటే సుమారు 20 నిమిషాలు పడుతుంది. ఎముక మాత్రం ఉన్నచోటే ఉంటుంది. కండరాల బిగువు కాసేపు సడలి, నొప్పి తగ్గినట్టవుతుంది. ఆ ఉపశమనం నిజమే, చెప్పిన కారణమే తప్పు.

ఆ కారణానికి మూలం 1895లో ఉంది. అమెరికాలోని డావెన్‌పోర్ట్‌లో డి.డి. పామర్ అనే ఆయన ఒకరి వీపు సరిచేస్తే పోయిన వినికిడి తిరిగి వచ్చిందని ప్రకటించాడు. పూసలు తప్పుకోవడమే చాలా రోగాలకు మూలమని సిద్ధాంతం కట్టాడు. అలా తప్పుకోవడానికే సబ్‌లక్సేషన్ అని పేరు. అది చారిత్రక భావన మాత్రమేననీ, రోగాలకు కారణమనడానికి పరిశోధనల ఆధారం లేదనీ బ్రిటన్‌లో ఆ వృత్తిని నియంత్రించే మండలే 2010లో చెప్పింది. కాబట్టి బీపీ, ఆస్తమా, అజీర్తి తగ్గుతాయన్న మాట వినిపిస్తే లేచి వచ్చేయండి. పూస నిజంగా జరగడమనేదే లేదని కాదు. ఒక పూస కిందిదాని మీద ముందుకు జారితే స్పాండిలోలిస్థెసిస్, వెన్ను పక్కకు 10 డిగ్రీలకు మించి వంగితే స్కోలియోసిస్. రెండూ ఎక్స్‌రేలో కొలవగలిగేవే. చేతి విరుపుకు రెండూ వెనక్కి రావు.

ఫిజియో దగ్గర ఇంత సందడి ఉండదు, చెమట మాత్రం పడుతుంది. నడుం నుంచి కాల్లోకి నొప్పి దిగుతున్నవారికి తరచు చేయించేది ఇది: బోర్లా పడుకుని, నడుం కింది భాగం వదులుగా నేలకే ఉంచి, చేతులతో ఛాతీని పైకి లేపాలి. పది సార్లు, రెండు మూడు గంటలకోసారి. కాలి నొప్పి పిక్క నుంచి తొడకు, తొడ నుంచి నడుముకు వెనక్కి వస్తే దారి సరైనదే, ఆ సమయంలో నడుం కాస్త ఎక్కువ నొప్పెట్టినా ఫర్వాలేదు. నొప్పి పాదం వైపు దిగుతుంటే ఆపేయాలి. ఫిజియోథెరపీ పని చేయలేదనేవాళ్లలో చాలామంది కరెంటు పెట్టించుకుని, వ్యాయామం మూడోరోజే మానేసినవాళ్లు.

మరి ఏది మేలు? నిన్నో మొన్నో పట్టేసిన నడుముకు విరుపు ఒక మార్గమే. అమెరికా వైద్యుల సంఘం 2017 సూచనల్లో వేడి కాపడం, మసాజ్‌లతో పాటు దాన్నీ చేర్చింది. అయితే ఈ రకం నొప్పి ఏమీ చేయకపోయినా, మంచం పట్టకుండా తిరుగుతుంటే, చాలామందికి కొన్ని వారాల్లో తగ్గిపోతుంది. మూడు నెలలు దాటిన నొప్పికి వ్యాయామానిదే పైచేయి. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు ఇచ్చే నైస్ సంస్థ 2016లో విరుపును వ్యాయామంతో కలిపితేనే వాడమంది. మెడ విషయంలో మాత్రం బేరం లేదు, విరిపించుకోవద్దు. మెదడుకు వెళ్లే వెర్టిబ్రల్ ధమని మెడ పూసల రంధ్రాల గుండా పోతుంది. గట్టి మెలికకు దాని లోపొర చిరిగితే పక్షవాతం రావచ్చు. అరుదే, కానీ వస్తే తిరిగి రానంత నష్టం. క్షవరం తర్వాత సరదాగా మెడ విరిచే మంగలి షాపు అలవాటుకూ ఇదే వర్తిస్తుంది.

ఎముకలు గుల్లబారినవారు, ఏళ్లుగా స్టెరాయిడ్లు వాడినవారు, క్యాన్సర్ వచ్చినవారు, జ్వరంతో నడుం నొప్పి ఉన్నవారు రెండు చోట్లకూ కాదు, ముందు డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. మూత్రం బిగిసినా, అదుపు తప్పినా, మలద్వారం చుట్టూ తిమ్మిరెక్కినా, పాదం పైకి లేవకపోయినా అదే రోజు ఆసుపత్రికి.

మన దేశంలో ఫిజియోథెరపీని 2021 చట్టం గుర్తించింది. కైరోప్రాక్టర్‌కు అలాంటి గుర్తింపు లేదు. బోర్డు మీద రాసుకున్న పేరుతో ఆగక, ఎక్కడ చదివారో అడగండి. ముందే ఇరవై నాలుగు సిట్టింగుల డబ్బు కట్టమంటే కట్టొద్దు. ఆరింటిలో తేడా కనిపించకపోతే ఏడోదానికి వెళ్లాల్సిన పని లేదు.