సుజుకి ఊరు హమామత్సులో నాన్నతో మూడు రోజులు

మా ఇంటికి వచ్చిన మొదటి కారు తెల్ల మారుతి 800. నాన్న 1995లో చీరాలలో సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు. అప్పటికి మా వీధిలో కారున్న ఇల్లు మాదొక్కటే. ఎవరింట్లో పురుడొచ్చినా, ఎవరికి గుండెనొప్పి వచ్చినా అర్ధరాత్రి మా తలుపే తట్టేవాళ్ళు. నాన్న లుంగీ మీదే వెళ్ళి బండి తీసేవారు.

అందుకే పోయిన నవంబరులో నాన్న యోకొహామాలో మా ఇంటికి వచ్చినప్పుడు, ఫుజి చూద్దామా, క్యోటో వెళ్దామా అని నేను అడుగుతుంటే ఆయన అన్న మాటకి పెద్దగా ఆశ్చర్యపోలేదు. "అవన్నీ సరేగానీ, సుజుకి వాళ్ళది ఏ ఊరమ్మా?" అన్నారు. ఆ ఊరు హమామత్సు. టోక్యోకీ ఒసాకాకీ దాదాపు మధ్యలో, షిజువొకా జిల్లాలో ఉంటుంది.

షిన్-యోకొహామా నుంచి బుల్లెట్ ట్రైన్‌లో వెళ్ళాం. ఈ బుల్లెట్ ట్రైన్లలో అన్నిటికన్నా వేగమైన నొజోమి అక్కడ ఆగదు. హికారీల్లో కొన్నే ఆగుతాయి. కొదామా మాత్రం ప్రతి స్టేషన్‌లోనూ ఆగుతూ పోతుంది. పెద్దవాళ్ళతో వెళ్తుంటే కొదామానే నయం, రద్దీ తక్కువ. టికెట్ తీసేటప్పుడు 'ఇ' వరుస కిటికీ సీటు అడగండి. ఆకాశం తేటగా ఉంటే కుడివైపు ఫుజి పర్వతం కనిపిస్తుంది. మాకు కనిపించింది, తల మీద కొత్త మంచుతో.

బస గురించి ముందే చెప్పేస్తాను. స్టేషన్ దగ్గరలో ఒక బిజినెస్ హోటల్ తీసుకున్నాం. శుభ్రత విషయంలో వంక పెట్టలేం. గది మాత్రం మరీ ఇరుకు, రెండు సూట్‌కేసులు ఒకేసారి తెరవడానికి చోటు లేదు. బాత్‌రూమ్ గడప ఎత్తుగా ఉండటంతో నాన్న మోకాళ్ళకి ఇబ్బందైంది. ఇంకో సంగతి, రెండు మంచాలు కావాలని బుకింగ్‌లో స్పష్టంగా రాసినా ఒకే మంచమున్న గది ఇచ్చారు. మార్చడానికి గంటన్నర పట్టింది. వాళ్ళు క్షమాపణ చెప్పారు, మర్యాదగానే మాట్లాడారు, కానీ ప్రయాణం చేసి అలసిపోయిన మనిషి అంతసేపు లాబీలో కూర్చోవాల్సి వచ్చింది. ముందురోజు ఫోన్ చేసి మంచాల సంగతి మరోసారి ఖాయం చేసుకోవడం మంచిది.

మధ్యాహ్నం సుజుకి మ్యూజియానికి బయలుదేరాం. హమామత్సు నుంచి లోకల్ ట్రైన్‌లో తర్వాతి స్టేషన్ తకాత్సుకా. అక్కడి నుంచి పది నిమిషాలు నడిస్తే, కంపెనీ ప్రధాన కార్యాలయానికి ఎదురుగానే ఉంటుంది. టికెట్ లేదు, ఉచితం. కానీ ముందుగా బుక్ చేసుకోవాలి. సోమవారం సెలవు. కింది అంతస్తులో ఇప్పటి బళ్ళు, రెండో అంతస్తులో కారు ఎలా తయారవుతుందో చూపించే ఏర్పాట్లు, ఒక 3డి సినిమా. పిల్లలుంటే అక్కడే గంట గడిచిపోతుంది. మేం మాత్రం మూడో అంతస్తులో ఎక్కువసేపు ఉన్నాం. చరిత్రంతా అక్కడే ఉంది, అది మగ్గంతో మొదలవుతుంది.

మాది నేత కుటుంబం. తాతయ్య గుంట మగ్గం మీద రుమాళ్ళు, గళ్ళ లుంగీలు నేసేవారు. నాన్న కూడా ఇరవై ఏళ్ళు వచ్చేదాకా నేశారు. సుజుకి మొదట మగ్గాల కంపెనీ అని నేను చదివాను కానీ నాన్నకి చెప్పలేదు. ఆ చెక్క మగ్గం కనపడగానే ఆయన ఆగిపోయారు.

సుజుకి మిచియో 1887లో ఈ ప్రాంతంలోనే పుట్టాడు. చిన్నప్పుడే వడ్రంగి దగ్గర పనికి కుదిరాడు. రష్యాతో యుద్ధం వచ్చి ఇళ్ళ కట్టుబడి తగ్గిపోవడంతో ఆ మేస్త్రి మగ్గాలు చేయడం మొదలుపెట్టాడు. మిచియో ఆ పని నేర్చుకుని, ఇంట్లో నేత నేసే తల్లి కోసం 1908లో కాలితో తొక్కి నడిపే మగ్గం ఒకటి చేసిచ్చాడు. చూసినవాళ్ళు మాకూ చేసిపెట్టమన్నారు. 1909లో సొంతంగా మగ్గాల తయారీ మొదలైంది, 1920లో కంపెనీ అయింది. ఇక్కడి ఎన్షూ ప్రాంతం నూలు బట్టలకి పేరున్నది, కాబట్టి మగ్గాలకి గిరాకీ ఉండేది.

నేను బోర్డు చదివి చెబుతుంటే నాన్న వినడం లేదు. వంగి, అడ్డం నూలు మోసుకుంటూ అటూఇటూ తిరిగే నాడె వైపే చూస్తున్నారు. పేకలో, అంటే ఆ అడ్డం నూలులో, ఒకే రంగు కావాలంటే ఒక్క నాడె చాలు. రంగు మారి అడ్డచారలు రావాలంటే నేత ఆపి, నాడె మార్చి, మళ్ళీ మొదలుపెట్టాలి. మిచియో రెండు నాడెలుండే పెట్టెను పైకీ కిందికీ కదిలేలా అమర్చి, మగ్గం మీద చారల బట్ట నేసే వీలు కల్పించాడు. ఆయన పేరు నిలబెట్టినది ఆ పనే. "ఇది మన డ్రాప్ బాక్సే కదమ్మా" అన్నారు నాన్న. తర్వాత 1930 ప్రాంతంలో సుజుకి గళ్ళ సరోంగులు నేసే మగ్గం చేసి ఆగ్నేయాసియాకి పంపింది. సరోంగు అంటే మన గళ్ళ లుంగీ లాంటిదే. లుంగీలు నేసిన ఇంటి మనిషి లుంగీల మగ్గాలు చేసిన వాళ్ళ కారు పాతికేళ్ళు నడిపాడన్నమాట. నాన్న అక్కడే బెంచీ మీద కూర్చుని తాతయ్య గురించి చాలాసేపు మాట్లాడారు. నేను ఎప్పుడూ వినని సంగతులు కొన్ని ఆరోజు విన్నాను.

మగ్గం నుంచి కారుకి దారి ఒక్కసారిగా పడలేదు. 1930ల చివర్లో మిచియో ఒక ఆస్టిన్ సెవెన్ కారు కొనిపించి, విప్పించి చూసి నమూనా కూడా చేయించాడు. యుద్ధం వచ్చి ఆ పని ఆగిపోయింది. యుద్ధం తర్వాత నేత పరిశ్రమ దెబ్బతింది, 1950లో సమ్మెతో కంపెనీ మునిగిపోయే స్థితికి వచ్చింది. అప్పుడు అప్పిచ్చి ఆదుకున్నది టొయోడా మగ్గాల కంపెనీ, టొయోటా కార్లకి మూలం అదే. 1952లో సైకిల్‌కి తగిలించే 36 సీసీ ఇంజిన్ 'పవర్ ఫ్రీ' తెచ్చారు. 1954లో నమూనా కార్లని హకోనే కనుమ ఎక్కించి, గతుకుల రోడ్ల మీద టోక్యో దాకా నడిపి పరీక్షించారు. 1955 అక్టోబరులో సుజులైట్ అమ్మకానికి వచ్చింది: 360 సీసీ, టూ స్ట్రోక్ ఇంజిన్, ముందు చక్రాలకి శక్తి. జపాన్‌లో కేయి అని పిలిచే చిన్నకార్లలో తొలినాటిది. ఆ బండి ముందు నిలబడితే ఎంత బుల్లిగా ఉందో! దాని పక్కన మన 800 పెద్ద కారే.

నాన్న ఎక్కువ ఫొటోలు తీసుకున్నది మాత్రం 1979 ఆల్టో ముందు. దీని వెనక ఉన్న మనిషి సుజుకి ఒసాము. అల్లుడిగా ఆ ఇంటికి వచ్చి, ఇంటిపేరు మార్చుకుని, 1978లో కంపెనీ పగ్గాలు పట్టాడు. మిగతా కంపెనీల చిన్నకార్లు ఆరు లక్షల యెన్‌లకి అటూఇటూగా ఉన్న రోజుల్లో ఆల్టోని 4 లక్షల 70 వేలకి, దేశమంతా ఒకే ధరకి అమ్మాడు. సామాన్ల బండి కింద లెక్కగట్టించి పన్ను తగ్గేలా చూశాడు. జపనీస్‌లో 'అరుతో' అంటే 'ఉంటే' అని అర్థం. ఆల్టో ఉంటే ఇది చేయొచ్చు, అది చేయొచ్చు అని పేరుతోనే ప్రచారం చేశాడు.

ఈ ఆల్టో తరం బండికే 796 సీసీ ఇంజిన్ పెట్టిన రూపం మన తొలి మారుతి 800. 1982 అక్టోబరు 2న భారత ప్రభుత్వంతో ఒప్పందం కుదిరింది, సుజుకి వాటా 26 శాతం. 1983 డిసెంబరు 14న ఇందిరా గాంధీ మొదటి కారు తాళాలు ఢిల్లీకి చెందిన హర్పాల్ సింగ్‌కి ఇచ్చారు. అప్పటికి పెద్ద కంపెనీలేవీ ఇండియాని అంత గట్టిగా నమ్మలేదు. ఒసాము నమ్మాడు. గుర్గావ్ ఫ్యాక్టరీలో మేనేజరుకీ కార్మికుడికీ ఒకే యూనిఫారం, ఒకే క్యాంటీన్ అన్న పద్ధతి ఆయన తెచ్చిందే. 2024 డిసెంబరు 25న 94 ఏళ్ళ వయసులో పోయారు. తర్వాత నెలలోనే మన ప్రభుత్వం పద్మవిభూషణ్ ప్రకటించింది. ఆ సంగతి చెబితే నాన్న చెప్పులు విడిచి, ఆ కారుకి దణ్ణం పెట్టారు. అక్కడి ఉద్యోగి ఒకాయన దూరం నుంచి చూసి తనూ తల వంచాడు.

అభిమానం ఉందని అన్నీ మంచే చెప్పలేను. తేలిక బండి, మంచి మైలేజీ, చవక రిపేరు అన్న పేరు సుజుకికి ఊరికే రాలేదు, నిజమే. అదే తేలికదనం మీద ప్రశ్నలూ వచ్చాయి. 2014లో కార్ల భద్రతని పరీక్షించే గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ చేసిన క్రాష్ పరీక్షలో ఎయిర్‌బ్యాగులు లేని ఆల్టో 800కి ఒక్క స్టారూ రాలేదు. 2016లో, మైలేజీ పరీక్షలు నిబంధనల ప్రకారం చేయలేదని జపాన్‌లో కంపెనీయే ఒప్పుకుంది. 2019లో తనిఖీల్లో లోపాలు బయటపడి సుమారు 20 లక్షల బళ్ళు వెనక్కి పిలిపించింది. 2024లో అదే సంస్థ పరీక్షలో మారుతి డిజైర్‌కి ఐదు స్టార్లు వచ్చాయి. అంత మార్పు సాధ్యమైనప్పుడు, పదేళ్ళ ముందే ఎందుకు చేయలేదన్నది నా బాధ. మన దగ్గర ఐదుగురం, ఆరుగురం ఇరుక్కుని ఎక్కిన కార్లు అవి.

మ్యూజియం షాపు దగ్గర ఇంకో ముచ్చట. సుజుకి ఆఫీసులో పనిచేసే ఇండియన్ ఉద్యోగుల కోసం 2024లో క్యాంటీన్‌లో శాకాహార వంటలు మొదలుపెట్టారు. అవి బాగా నచ్చడంతో 2025లో ప్యాకెట్లుగా అమ్మకానికి తెచ్చారు. నాలుగు రకాలు, అందులో ఒకటి జపాన్ తెల్ల ముల్లంగితో సాంబారు. ఒక్కోటి 918 యెన్‌లు. ధర ఎక్కువే, అయినా నాలుగూ కొన్నాం.

రెండో రోజు చిన్నకారు అద్దెకి తీసుకుని హమనా సరస్సు చుట్టూ తిరిగాం. ఇక్కడా మనలాగే ఎడమవైపు నడపడం కాబట్టి కొత్తవాళ్ళకి పెద్దగా టెన్షన్ ఉండదు. పసుపు నంబరు ప్లేటుండే కేయి కార్లు 660 సీసీ దాటకూడదు, పొడవు 3.4 మీటర్లు మించకూడదు. సరస్సు పక్క ఊళ్ళలో సందులు ఎంత సన్నగా ఉన్నాయో చూశాక ఈ కొలతల ఉపయోగం తెలిసింది. సుజుకి బండే కావాలని అడిగి, సరేనన్నాక బుక్ చేశాను. తీరా వెళ్తే వేరే కంపెనీది ఇచ్చారు. తరగతికే హామీ గానీ మోడల్‌కి కాదట. సుజుకి ఊళ్ళో సుజుకి ఎక్కలేదని నాన్న రోజంతా వెలితిగానే ఉన్నారు. ఆ మాట ముందే చెప్పి ఉంటే ఇంకో చోట చూసుకునేవాళ్ళం. బెంతెన్‌జిమా దగ్గర నీళ్ళ మధ్య నిలబడిన ఎర్రటి తోరణం సాయంత్రం పూట చూడండి.

తిండి సంగతికొస్తే, ఈ ఊరు ఉనాగికి, అంటే తియ్యటి సాస్ పూసి నిప్పుల మీద కాల్చిన మంచినీటి పాము చేపకి పేరు పొందింది. ప్లేటు నాలుగు వేల యెన్‌ల పైనే అయింది. నాన్నకి చేప మెత్తదనం నచ్చింది, తీపి నచ్చలేదు. నాకు రెండూ నచ్చాయి. గుండ్రంగా పేర్చి మధ్యలో పెసర మొలకలు పెట్టిచ్చే గ్యోజాలు, అంటే మోమోల్లాంటివి, చవకైన భోజనం, కానీ సాధారణంగా లోపల పంది మాంసం ఉంటుంది, అడిగి తినండి. శాకాహారులు పప్పుపొడి, పచ్చళ్ళు వెంట తెచ్చుకోవడమే మేలు.

తర్వాత జపాన్‌ని ఏలిన టొకుగావా ఇఎయాసు 17 ఏళ్ళున్న కోట ఊరి మధ్యలోనే ఉంది, మెట్లెక్కలేక కింది నుంచే చూశాం. సంగీత వాయిద్యాల మ్యూజియం స్టేషన్ నుంచి నడిచే దూరం. యమహా, కవాయి కూడా ఈ ఊరివే, హోండా పుట్టిందీ ఇక్కడే. ఆ మ్యూజియానికి గంటన్నర చాలు.

మూడో రోజు నగోయా వెళ్ళి, టొయోటా వాళ్ళ పరిశ్రమల మ్యూజియం చూశాం. పాత నేత మిల్లు ఇటుక గోడల మధ్య ఉంది. ఆ మగ్గాల కంపెనీ పెట్టిన టొయోడా సకిచి వడ్రంగి కొడుకు, హమామత్సుని ఆనుకుని ఉన్న కొసాయిలో పుట్టాడు. నేత ఆపకుండానే నాడె మార్చే ఆయన 1924 నాటి జి-రకం మగ్గాన్ని అక్కడ నడిపి చూపిస్తారు. విశాలం, ఇంగ్లీషులో వివరాలు, పెద్దవాళ్ళు కూర్చోవడానికి చోట్లు, అన్నీ ఉన్నాయి. ఒకే రోజు టైముండి, యంత్రాలు నడుస్తుండగా చూడాలనుకుంటే నగోయాకే వెళ్ళమంటాను. ఇంట్లో ఎప్పుడైనా మారుతి 800 ఉన్నవాళ్ళు మాత్రం హమామత్సులో దిగండి. కలిపి చూడగలిగితే ఇంకా మంచిది, ముందు హమామత్సు, తర్వాత నగోయా.

తిరుగు ప్రయాణంలో నొజోమి హమామత్సు స్టేషన్‌ని ఆగకుండా దాటేసింది. నాన్న కిటికీలోంచి చూస్తూ, "తకాత్సుకా అటువైపేనా?" అని అడిగారు. ఆ రాత్రి ఇంట్లో ముల్లంగి సాంబారు వేడిచేశాను. పులుపు తక్కువైందని ఇంత చింతపండు పులుసు కలుపుకున్నారు. మిగతా మూడు ప్యాకెట్లూ విప్పనివ్వలేదు. చీరాలలో మా పాత బండిని పాతికేళ్ళూ బాగుచేసిన మెకానిక్ బాబాయికి ఇవ్వాలట, సూట్‌కేసులో బట్టల మధ్య జాగ్రత్తగా సర్దుకున్నారు.