మ్యూటెంట్స్ అండ్ మాస్టర్‌మైండ్స్: మా ఇంటి స్టంట్ రూల్ గురించి

పవర్ స్టంట్ మీద నుంచి అలసట తీసేయండి. మ్యూటెంట్స్ అండ్ మాస్టర్‌మైండ్స్ అనే సూపర్‌హీరోల రోల్‌ప్లేయింగ్ గేమ్ ఆడుతున్నాం, హౌస్ రూల్ (పుస్తకంలో లేని, ఆడేవాళ్లే పెట్టుకునే నియమం) ఒకటి చెప్పమని ఎవరడిగినా నా నోట ముందు వచ్చే మాట ఇదే. 2011లో వచ్చిన మూడో ఎడిషన్‌ను మా జట్టు హైదరాబాద్‌లో ఏళ్ల తరబడి ఆడుతోంది. ఈలోగా ఎన్నో హౌస్ రూల్స్ పెట్టుకున్నాం, చాలావాటిని వదిలేశాం. ఇది మాత్రం నిలిచింది. ఈ గేమ్ మీద నా ఇష్టంలో సగం దీనివల్లే.

పవర్ లెవెల్ (హీరో బలానికి హద్దు), శక్తులు కొనుక్కునే పాయింట్లు, ఇరవై ముఖాల డైస్ సంగతులు ఆడేవాళ్లకు కొత్త కాదు కాబట్టి నేరుగా స్టంట్‌కే వస్తాను. పుస్తకం ప్రకారం, మీ షీట్‌లో, అంటే హీరో వివరాలు రాసుకున్న కాగితంలో, లేని పనిని ఉన్న పవర్‌తోనే అప్పటికప్పుడు చేయొచ్చు. అయితే అది ఎక్స్‌ట్రా ఎఫర్ట్ కిందికి వస్తుంది, తర్వాతి వంతుకు మీ హీరో అలసిపోతాడు. అలసట మీద మళ్లీ చేస్తే నీరసించిపోతాడు, ఆపైన పడిపోతాడు. హీరో పాయింట్ (శక్తులు కొనే పాయింట్లు వేరు, ఇది వేరు) ఇస్తే అలసట పోతుంది, కానీ అడ్వెంచర్ మొదట్లో చేతిలో ఉండేది ఒక్కటే పాయింట్. దాన్ని ఎవరైనా చెడిపోయిన రోల్ మళ్లీ వేయడానికే దాచుకుంటారు.

అదే పుస్తకంలో ఇంకో దారి ఉంది. ఇరవై పాయింట్ల పవర్ ఒకటి కొన్నాక, అంతే ఖరీదుండే మరో ఎఫెక్ట్‌ను (ఆ పవర్ చేయగల ఇంకో పనిని) దాని పక్కన ఒక్క పాయింట్‌కే పెట్టుకోవచ్చు. అదే అర్రే. లెక్క తెలిసినవాళ్లు స్టంట్ జోలికి ఎందుకు పోతారు? పది పాయింట్లు పెట్టి పది ఎఫెక్ట్‌లు వరసగా రాసుకుంటారు. మా బల్ల దగ్గరా అదే జరిగింది. తన వంతు రాగానే ప్రతి ఒక్కరూ హోటల్లో మెనూ కార్డు చూసినట్టు షీట్ కిందికీ పైకీ చూడటం, అందులో ఒకటి ఎంచుకోవడం. పవర్లకు కొదవ లేదు. కొత్తగా పుట్టే ఆలోచనే కరువైంది.

అందుకని అర్రేలో అసలు పవర్ కాక రెండు ఎఫెక్ట్‌లే ఉండాలన్నాం. ఒక్కో సీన్‌లో మొదటి స్టంట్‌కు అలసట ఉండదు. ఉన్న షరతల్లా, తన పవర్ ఆ పని ఎలా చేస్తుందో ఆటగాడు సొంత మాటల్లో చెప్పాలి, బల్ల చుట్టూ ఉన్నవాళ్లు ఒప్పుకోవాలి. తీర్పు ఆట నడిపే జీఎంది కాదు, తోటి ఆటగాళ్లది. ఒకే స్టంట్‌ను మూడోసారి వాడితే మాత్రం పాయింట్ పెట్టి కొనుక్కోవాల్సిందే. అలా కొన్నదానికి రెండు ఎఫెక్ట్‌ల పరిమితి వర్తించదు. పవర్ లెవెల్ హద్దుల్ని అస్సలు ముట్టుకోలేదు. లెవెల్ 10లో దాడి బోనస్, ఎఫెక్ట్ ర్యాంక్ (దాని బలం ఎంతో చెప్పే అంకె) కలిపి 20 దాటకూడదన్న నియమమే ఈ గేమ్‌కు వెన్నెముక. దాన్ని కదిపితే మిగతావేవీ నిలబడవు.

ఈ రూల్ విలువ నాకు పూర్తిగా తెలిసింది ఒక అగ్నిప్రమాదం సీన్‌లో. కథ ఈ గేమ్‌లోని ఊహా నగరం ఫ్రీడమ్ సిటీలో నడుస్తోంది. నాలుగో అంతస్తులో జనం చిక్కుకున్నారు, మెట్లు కూలిపోయాయి, కింద విలన్‌తో పోరు సాగుతోంది. మా జట్టులో పెద్దగా మాట్లాడని ఒకావిడ ఉంది. ఆవిడ హీరోకు వేడిని లాక్కుని విసిరే శక్తి. షీట్‌లో ఉన్నది పదో ర్యాంక్ రేంజ్‌డ్ డ్యామేజ్ (దూరం నుంచి దెబ్బకొట్టడం), ఇరవై పాయింట్లు. అప్పటిదాకా ఆ హీరో చేసిన పనల్లా ఎదుటివాణ్ణి కాల్చడమే. మంటలు ఆర్పుతుందేమోనని అందరం అనుకున్నాం.

ఆవిడ ఫైరింజన్ గొట్టం వైపు చూపించింది. "నీళ్లు పైకి కొట్టమనండి. ఆ నీళ్లలోని వేడి నేను లాగేస్తాను. కిటికీ నుంచి రోడ్డు దాకా జారుడుబల్లలా గడ్డకట్టాలి" అంది.

బల్ల దగ్గర ఒక్క క్షణం ఎవరూ మాట్లాడలేదు, తర్వాత అందరూ ఒకేసారి మొదలుపెట్టారు. లెక్క చూస్తే, వస్తువుల్ని సృష్టించే క్రియేట్ ఎఫెక్ట్ ర్యాంక్‌కు రెండు పాయింట్లు, పదో ర్యాంక్ అంటే సరిగ్గా ఇరవై. ఖరీదు సరిపోయింది. కానీ మాలో ఒకడు పట్టు వదల్లేదు. "లాగిన వేడంతా ఎటు పోయినట్టు?" అన్నాడు. మా రూల్ ప్రకారం దానికి జవాబు చెప్పి తీరాలి. ఆవిడ కాసేపు ఆలోచించి, "నా కాళ్ల కిందికి, రోడ్డులోకి పంపిస్తాను" అంది. ఒప్పుకున్నాం. జీఎం వెంటనే అందుకున్నాడు: తారు కరిగి ఫైరింజన్ చక్రాలు కూరుకుపోయాయి, ఇక బండి కదలదు. కాంప్లికేషన్ (హీరోకు వచ్చిపడే చిక్కు) కింద ఆవిడకు ఒక హీరో పాయింట్ ఇచ్చాడు.

జనం జారుతుండగా విలన్ అఫ్లిక్షన్ (ఎదుటివాళ్లను నిస్సహాయుల్ని చేసే ఎఫెక్ట్) తగిలి ఆ హీరో ఏ పనీ చేయలేనంతగా దిమ్మెరపోయింది. క్రియేట్ సస్టెయిన్డ్ ఎఫెక్ట్, వంతు వంతుకూ నిలబెట్టుకుంటూ ఉండాలి. పుస్తకం ప్రకారం, నిలబెట్టుకోలేకపోతే ఆ మంచు మాయం కావాలి. గడ్డకట్టిన నీళ్లు మాయం కావు, కరుగుతాయి అని వాదించింది మొదట ప్రశ్న వేసినవాడే. తర్వాతి వంతుకు కరిగేట్టు తేల్చాం. ఇంకా పైనే ఉన్న ఇద్దరి కోసం మా ఎగిరే హీరో పోరు వదిలి పరుగెత్తాడు. కాల్చడం తప్ప మరేమీ రాదనుకున్న పవర్ ఆ రోజు కథ మొత్తాన్ని నడిపింది. షీట్‌లో పది ఎఫెక్ట్‌లు రాసి ఉంటే మంచు జారుడుబల్ల అన్న మాట ఎవరి నోటా వచ్చేది కాదని నా గట్టి నమ్మకం.

అయితే అన్ని రకాల హీరోలకూ ఇది ఒకేలా పనిచేయదు. వేడి, శబ్దం, నీరు, అయస్కాంతం లాంటి శక్తులున్నవాళ్లకు బంగారంలాంటి రూల్. గాడ్జెట్లతో నడిచే హీరోకు మరీ ఎక్కువ లాభం. "నా బెల్టులో అలాంటి పరికరం ఒకటుంది" అంటే కాదనడం ఎలా? చివరికి అలాంటివాళ్లకు ఆ సీన్‌లో ముందే కనిపించిన వస్తువుతోనే స్టంట్ చేయాలని వేరే షరతు పెట్టాం. మనసుల్ని చదివే హీరోకేమో దక్కింది తక్కువ. ఏం ఆలోచించినా తిరిగి తిరిగి ఏదో ఒక అఫ్లిక్షన్ దగ్గరికే వస్తోందని ఆ ఆటగాడి ఫిర్యాదు, అందులో నిజముంది.

బల్ల ఒప్పుకోవాలన్న షరతుకు సమయం కూడా పడుతుంది. నలుగురున్నప్పుడు ముచ్చటగా ఉంటుంది. ఆరుగురు కూర్చున్న రోజు ఒక్క పోరే సాయంత్రం మొత్తం మింగేసింది. అందుకే ఇప్పుడు ఒక స్టంట్‌కు ఒక్కటే అభ్యంతరం, ఒక్కటే జవాబు. మూడోసారికి కొనాలన్న నియమం కూడా పాయింట్లు ధారాళంగా ఇచ్చే జీఎం ఉన్నంతవరకే బాగుంటుంది. సెషన్‌కు ఒక్క పాయింటే వస్తే అదంతా స్టంట్లకే పోతుంది, నైపుణ్యాలు పెంచుకోవడానికి ఏమీ మిగలదు.

మేం చాలాకాలంగా స్నేహితులం. ఒకరి ఆలోచనను మరొకరు కాదన్నా నొచ్చుకునేవాళ్లు లేరు. ముక్కూమొహం తెలియనివాళ్లతో ఒక్కపూట ఆడే ఆటలో దీన్ని పెట్టమని చెప్పలేను. గట్టిగా మాట్లాడేవాడి స్టంట్లే నెగ్గుతాయి. కాలిక్యులేటర్ పట్టుకుని వారమంతా షీట్ చెక్కడంలోనే ఆనందం పొందేవాళ్లు మీ జట్టులో ఎక్కువమంది ఉంటే, ఈ రూల్ సరిగ్గా ఆ ఆనందాన్నే తీసేసుకుంటుంది. మాలోనూ అలాంటివాడు ఒకడున్నాడు, ఈ రూల్ వచ్చాక కొన్నాళ్లు ముభావంగా ఉన్నాడు. అతని కోసమే వచ్చే కథలో పవర్ లెవెల్ 8, 120 పాయింట్లతో మొదలుపెట్టి, అర్రేలో రెండు బదులు మూడు ఎఫెక్ట్‌లకు ఒప్పుకున్నాం. మొదటి స్టంట్‌కు అలసట ఉండదన్నది మాత్రం మార్చడం లేదు. దానికి అతను కూడా అడ్డు చెప్పలేదు.