లక్ష తేడా ఎక్కడుంది బావా? కొత్త కెమెరాతో వరంగల్, రామప్ప, బొగత

పాత కెనాన్ 200డి ఇప్పుడు మా బామ్మర్ది మెడలో ఉంది. నా మెడలోకి కెనాన్‌దే ఆర్10, లోపల అద్దం లేని మిర్రర్‌లెస్ కెమెరా, వచ్చింది. బాడీ, 18-150 ఎంఎం జూమ్ లెన్సు కలిపి రూ.1,02,000. పాత లెన్సులు దీనికి తగిలించుకోవడానికి అడాప్టర్, అది ఇంకో రూ.9,500. 200డిని ఎక్స్‌ఛేంజ్‌లో ఇద్దామంటే షాపాయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, దాంతో పాటు వచ్చిన 18-55 కిట్ లెన్సుతో సహా రూ.11,000 అన్నాడు. పైగా "ఇవి ఇప్పుడు ఎవరు కొంటలేరు సార్" అని ఒక నిట్టూర్పు. ఆయన వెనక అద్దాల అల్మారాలో అదే మోడల్, సెకండ్ హ్యాండ్‌ది, రూ.27,000 చీటీ తగిలించుకుని కూర్చుంది. ఆ ధరకు ఆయన చేతిలో పెట్టే బదులు బామ్మర్దికిస్తే ఇంట్లోనన్నా మంచి పేరొస్తుందని ఇచ్చేశాను.

మంచి పేరు సంగతి దేవుడెరుగు. దసరా సెలవులని కరీంనగర్ నుంచి కారులో వరంగల్ బయల్దేరిన దగ్గర్నుంచి వాడిది ఒకటే పని. నా పక్కనే నిలబడి నేను తీసిందే తీయడం, రెండూ ఫోన్‌లోకి ఎక్కించి వాళ్లక్క ముందు పెట్టడం, "లక్ష తేడా ఎక్కడుంది బావా?" అనడం.

వరంగల్ కోటలో నిజంగానే తేడా లేదు. టికెట్ మనిషికి రూ.25. మిట్టమధ్యాహ్నం ఎండలో కాకతీయ తోరణం, దాని నీడలో మా పాప, ఆ పక్కన ఖుష్ మహల్. రెండు కెమెరాలూ 24 మెగాపిక్సెళ్లవే. ఎండ బాగుండి, మనిషి కదలకుండా నిలబడితే 2017లో వచ్చిన 200డికీ, 2022లో వచ్చిన ఆర్10కీ ఫోన్ తెర మీద తేడా పట్టడం ఎవరి వల్లా కాదు. ఇలాంటి ఫొటోలు మాత్రమే తీసుకునేవాళ్లు కెమెరా మార్చకండి. ఆ డబ్బుతో ఇంకో నాలుగు ఊళ్లు తిరిగి రావచ్చు.

ఇక లాడ్జి. పేరు చెప్పను. హన్మకొండ చౌరస్తాకు నడిచేంత దూరం. ఫోన్‌లో ఫ్యామిలీ రూం ఏసీ రూ.1,800 అన్నారు, 24 గంటల చెకౌట్ అన్నారు. తీరా సామాను దించాక కౌంటర్లో కుర్రాడు "బతుకమ్మ సీజన్ కద సార్, రూ.2,600" అన్నాడు. బామ్మర్దికి ఎక్స్‌ట్రా బెడ్ రూ.500. ఆ బెడ్ అనేది చాప కన్నా కొంచెం మందంగా ఉన్న పరుపు, దాని మీద దుప్పటి లేదు. అడిగితే దుప్పటి సపరేటు అన్నాడు. మా ఆవిడ ఒక్క మాట మాట్లాడలేదు. ఆమె మాట్లాడకపోవడమే అన్నింటికన్నా టెన్షన్.

నా అసలు బాధ ప్లగ్గులది. గదంతటికీ పనిచేసే సాకెట్ ఒక్కటే, అదీ టీవీ వెనక. మంచం పక్కన ఉండాల్సిన రెండోది పీకేసి, ఆ కన్నానికి నల్ల టేపు అతికించారు. ఉన్న ఒక్కదాంట్లో టీవీ పీకి ఛార్జర్ పెడితే అది వదులు. గోడకు కుర్చీ ఆనించి, దాని మీద బ్యాగు పెట్టి, ఆ బ్యాగుతో ఛార్జర్‌ను నొక్కి పెడితేనే లైటు వెలుగుతుంది. ఆర్10ని టైప్-సి వైరుతో నేరుగా ఛార్జ్ చేసుకోవచ్చు గానీ, దానికి పీడీ (పవర్ డెలివరీ) రకం ఛార్జరే కావాలి. మామూలు ఫోన్ ఛార్జర్ పెడితే ఉలకదు పలకదు. మా ఇంట్లో నలుగురి ఛార్జర్లూ ఆ మామూలువే. రాత్రి 11కి కరెంటు పోయింది. జనరేటర్ మీద ఫ్యాన్ ఒకటే తిరుగుతుందట. ఏసీ నడవకపోవడం వల్ల ఒక లాభం ఉంది లెండి. చల్లటి గదిలోంచి బయటి ఉక్కలోకి వస్తే లెన్సు మీద ఆవిరి పడుతుంది, ఆ బాధ తప్పింది. వేడినీళ్లు 6 నుంచి 7 వరకే. పొద్దున ఖాళీ చేస్తుంటే, 24 గంటలు ఉత్త మాటట, 9 దాటితే ఇంకో పూట అద్దె రూ.1,300 కట్టాలట. మేం సామానుతో కిందికి వచ్చింది 8.40కి. గోడ గడియారం 9.05 చూపిస్తోంది. మా ఆవిడ తన ఫోన్ తీసి ఆ కుర్రాడి ముక్కు దగ్గర పెట్టింది. అప్పుడు మాట్లాడింది. కౌంటర్లో ఇంకో మనిషి కూడా లేచి నిలబడ్డాడు. రూ.1,300 అడగడం మానేశారు.

పండగ రోజుల్లో హన్మకొండలో దిగేవాళ్లు అద్దె, చెకౌట్ రెండూ మెసేజ్‌లో రాయించుకోండి. నోటి మాట నమ్మకండి.

ఆ ముందు రోజు సాయంత్రమే ఎంగిలిపూల బతుకమ్మ, అంటే పండగ మొదటి రోజు. మేం ఇంత దూరం వచ్చిందే దానికోసం. వేయిస్తంభాల గుడి దగ్గర ఎంగిలిపూల నాటి సందడి చూడాలని మా ఆవిడ కోరిక. 1163లో రుద్రదేవుడు కట్టించిన మూడు గర్భగుళ్ల త్రికూటాలయం, ఆ నల్లరాతి నంది, 2024లో మళ్లీ తెరిచిన కళ్యాణ మండపం, అంతా జనమే. తంగేడు, గునుగు పేర్చిన బతుకమ్మలు మధ్యలో, చుట్టూ వరసల మీద వరసలుగా ఆడవాళ్లు. వెలుతురు దిగిపోతోంది.

లక్ష తేడా ఇక్కడ బయటపడింది. చప్పట్లు కొడుతూ, వంగుతూ లేస్తూ తిరిగే మనిషిని ఫొటో తీయాలంటే ఫోకస్ ఆమెతో పాటు తిరగాలి. 200డిలో కన్ను ఆనించి చూసే వ్యూఫైండర్లో ఫోకస్ పాయింట్లు తొమ్మిదే, అన్నీ నడిమధ్యనే. బామ్మర్ది తీసిన వాటిలో సగానికి పైగా గునుగు పూలు స్పష్టంగా ఉన్నాయి, ముఖాలు మసక. ఆర్10 కంటిని పట్టుకుంటుంది. మా పాప ముఖం మీద చిన్న చతురస్రం వచ్చి, ఆమె ముందు నుంచి ఇంకొకరు దాటిపోయినా, మళ్లీ కనిపించగానే అదే కంటి మీద వాలింది. ఫ్రేము అంచున ఉన్నా సరే. వ్యూఫైండర్ కూడా ఫొటో ఎంత వెలుతురుతో వస్తుందో నొక్కకముందే చూపిస్తుంది, కాబట్టి తీశాక తెర చూసుకుని నాలిక కరుచుకునే పని లేదు. కాకపోతే బాగా చీకటి పడ్డాక అదే వ్యూఫైండర్లో అంతా గింజలు గింజలుగా, కొంచెం వెనకబడి కదులుతుంది. అద్దంలోంచి నేరుగా చూసే పాత వ్యూఫైండర్ సుఖం వేరు.

పద్మాక్షి గుండం వైపు బతుకమ్మలు ఎత్తుకుని బయల్దేరే వేళకు నా బ్యాటరీ అయిపోయింది. 200డి బ్యాటరీతో 650 దాకా వస్తాయని కంపెనీ లెక్క. ఆర్10 వ్యూఫైండర్లో చూస్తూ తీస్తే అందులో సగం కూడా రావు. అదే ఎల్పీ-ఈ17 బ్యాటరీ రెండింట్లోనూ పడుతుంది, అది నా అదృష్టం. బామ్మర్ది కెమెరాలోంచి పీకి నా దాంట్లో వేసుకున్నాను. వాడి మొహం చూడలేదు.

ఇంకో చిరాకు షాపాయన 'ఫ్రీ' అని ఇచ్చిన 64 జీబీ కార్డు. ఈ కెమెరా సెకనుకు 15 ఫొటోలు తీస్తుంది, కానీ రా ఫైళ్లయితే (జేపెగ్ కన్నా చాలా పెద్దవి) రెండు సెకన్లకే కెమెరా కడుపు, అంటే లోపలి తాత్కాలిక మెమరీ, నిండిపోతుంది. తర్వాత ఆ నత్త కార్డు అన్నీ రాసుకునేదాకా బటన్ నొక్కి ఏం లాభం లేదు. బతుకమ్మను నెత్తికెత్తుకునే క్షణం అలాగే పోయింది. కెమెరా కొనేటప్పుడు ఫ్రీ కార్డు వద్దనండి, ఆ మేరకు ధర తగ్గించమనండి.

మర్నాడు రామప్ప. హన్మకొండ నుంచి 70 కిలోమీటర్ల లోపే. గుడి తూర్పు ముఖం కాబట్టి పొద్దున్నే వెళ్లాలనుకున్నాం, లాడ్జి పంచాయితీ వల్ల పాలంపేట చేరేసరికి 10 దాటింది. 1213లో గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు కట్టించిన గుడి, 2021 నుంచి యునెస్కో ప్రపంచ వారసత్వ సంపద. బయట ఎర్ర ఇసుకరాయి, లోపల నిగనిగలాడే నల్ల స్తంభాలు. చూరు కింద నిలబడ్డ అందగత్తెల శిల్పాలు, మదనికల్లో ఒకామె ఎత్తు మడమల చెప్పులు వేసుకుని ఉంటుంది. గైడ్ అది చూపించగానే రెండు రోజుల్లో మొదటిసారి మా ఆవిడ నవ్వింది. "800 ఏండ్ల కిందనే ఉన్నయట, నాకు మాత్రం హీల్స్ ఎందుకంటరు" అని నా వైపు చూసింది.

మండపం లోపల నా లక్ష చిన్నబోయింది. అక్కడ వెలుతురు తక్కువ. నా 18-150 లెన్సును 50 ఎంఎం దగ్గర పెడితే ఎపర్చర్, అంటే వెలుతురు వచ్చే కన్నం, ఎఫ్/5 దగ్గర ఆగిపోతుంది. ఆ అంకె ఎంత చిన్నదైతే కన్నం అంత పెద్దది. బామ్మర్ది నా పాత 50 ఎంఎం ఎఫ్/1.8 లెన్సు తగిలించుకున్నాడు. అంటే వాడి లెన్సులోకి సుమారు ఎనిమిది రెట్లు ఎక్కువ వెలుతురు. తక్కువ వెలుతురును పెంచి చూపించే అంకె ఐఎస్‌ఓ, అది పెరిగేకొద్దీ ఫొటోలో గింజలు పెరుగుతాయి. నాకు ఐఎస్‌ఓ 6400 కావాల్సిన చోట వాడికి 800 సరిపోతుంది. స్తంభాలకైతే పర్వాలేదు, రాయి కదలదు, నా లెన్సులో చేతి వణుకును ఆపే ఏర్పాటు ఉంది, షట్టర్ 1/15 సెకను తెరిచి ఉంచినా ఫొటో కదల్లేదు. కానీ మా పాప డ్యాన్స్ క్లాసుకు వెళ్తుంది. నటరాజ రామకృష్ణ గారు ఈ శిల్పాలను చూసే పేరిణి నాట్యాన్ని మళ్లీ నిలబెట్టారని వాళ్ల టీచర్ చెప్పిందట, ఇక ప్రతి స్తంభం దగ్గరా ఆ భంగిమ పెట్టి తిరగడమే. వాడి ఫొటోల్లో పాప శుభ్రంగా ఉంది. నా వాటిలో చెంపల మీద రంగు రంగుల నూక చల్లినట్టుంది. "బావా" అన్నాడు వాడు. అంతే అన్నాడు, మిగతాది అనలేదు.

50ని లాక్కుని అడాప్టర్‌తో ఆర్10కి తగిలించాక కథ మారింది. కంటి ఫోకస్ పూర్తిగా పనిచేసింది, ఎఫ్/1.8లో కూడా కనురెప్ప వెంట్రుకల మీద. నాకు ఈ ప్రయాణంలో బాగా నచ్చిన ఫొటోలు ఆ అరగంటవే. గుళ్లు, ఇంట్లో ఫంక్షన్లు తీసేవాళ్లకు నా సలహా: ముందు ఆ 50 కొనండి, నేను కొన్నప్పుడు రూ.8,200. బాడీ తర్వాత సంగతి.

తిరిగి జంగాలపల్లి దగ్గర మెయిన్ రోడ్డెక్కాక రేకుల షెడ్డులో ఒక మెస్. బోర్డు సగం విరిగి ఉంది, మా ఆవిడ దిగనంది. దిగాక లేవనంది. నాటుకోడి పులుసు, పచ్చిపులుసు, వాటి పక్కన అడక్కుండానే బోడకాకరకాయ వేపుడు. పైన గింజలు పటపటలాడుతూ, లోపల మెత్తగా, ఎల్లిపాయ కారం పట్టించి. మెస్ నడిపే ఆమె "అడివిల తెంపినయి బిడ్డా, బజార్ల దొరకయి" అని మా పాపకు రెండోసారి వడ్డించింది. నలుగురికి రూ.720. లాడ్జిలో దుప్పటి విడిగా ఇచ్చిన వాళ్లను ఇక్కడికి తీసుకొచ్చి కూర్చోబెట్టాలనిపించింది.

లక్నవరంలో వేలాడే వంతెన మీద జనం, బోటుకు క్యూ. చెరువు అంచున నిలబడ్డ తెల్లకొంగ కంటిని మాత్రం కెమెరా అంత దూరం నుంచే పట్టేసింది. ఆ రాత్రి ఏటూరునాగారంలో చిన్న లాడ్జి, నాన్ ఏసీ, రూ.900. నాలుగు ప్లగ్గులు, నాలుగూ పనిచేశాయి. ఇంకేం చెప్పాలి?

ముల్లకట్ట వంతెన మీద గోదావరి దాటి వాజేడు వైపు వెళ్తే బొగత జలపాతం. చీకుపల్లి వాగు వానల తర్వాత నిండుగా దూకుతోంది. వాన మరీ ఎక్కువైతే లోపలికి వదలరు, బయల్దేరే ముందు కనుక్కోండి. అక్కడ తుంపర చాలా దూరం కొడుతుంది. ఈ కెమెరాకు నీళ్లు లోపలికి పోకుండా సీలింగ్ లేదు, తువాలు చుట్టుకునే తిరిగాను.

నీళ్లు పాలధారలా రావాలంటే వెలుతురును తగ్గించే ఎన్‌డీ ఫిల్టర్ కావాలి. నా దగ్గరున్నది పాత 18-55 కోసం కొన్న 58 ఎంఎం ఫిల్టర్. కొత్త లెన్సు మూతి 55 ఎంఎం. ఆ 3 మిల్లీమీటర్ల తేడాకు ఒక రింగు ఉంటుంది, రూ.250 వస్తువు, కానీ ఏటూరునాగారంలో ఎవరిని అడిగేది? కారులో కూర్చుని బామ్మర్ది దగ్గర్నుంచి ఆ 18-55 కూడా తీసుకున్నాను. అడాప్టర్, దాని ముందు పాత లెన్సు, దాని ముందు ఫిల్టర్. రెయిలింగ్ మీద ఆనించి అర సెకను పెడితే ధార పట్టుచీరలా జారింది.

తిరుగు ప్రయాణంలో వాడు వెనక సీట్లోంచి లెక్క మొదలుపెట్టాడు. "బతుకమ్మ కాడ బ్యాటరీ నాది. రామప్పల లెన్స్ నాది. బొగతల లెన్సూ నాదే, ఫిల్టరూ నాదే. మరి నీ లక్ష ఏం చేసినట్టు బావా?" మా ఆవిడ ముందు సీట్లో కిటికీ వైపు తిరిగి నవ్వు ఆపుకుంటోంది. ఎంగిలిపూల నాటి ఫొటో, పాప గిరగిర తిరుగుతూ కళ్లు మాత్రం కత్తిలా స్పష్టంగా ఉన్నది, తీసి చూపించాను. వాడు రెండు వేళ్లతో పెద్దది చేసి చూశాడు. "ఇది ఒప్పుకుంట" అన్నాడు.

పెట్రోల్ రూ.3,100, రెండు లాడ్జిలు కలిపి రూ.4,000. ఇంకో బ్యాటరీ, మంచి కార్డు, ఒక పీడీ ఛార్జర్, ఆ రూ.250 రింగు ఈ నెల జీతంలో ఉన్నాయి. 50 ఎంఎం మాత్రం కారు దిగేటప్పుడు వాడి సంచిలోనే వెళ్లింది. ఫోన్ చేసి అడిగితే "అక్కనడుగు బావా" అంటున్నాడు.