ల్యూమినెన్స్ హెచ్‌డీఆర్: నేర్చుకోవాలనుకునేవారి సాఫ్ట్‌వేర్

బాగా వెలుగున్న చోట్లూ చీకటి చోట్లూ ఒకే ఫొటోలో స్పష్టంగా కనిపించేలా చేసే హెచ్‌డీఆర్ ఫొటోగ్రఫీలో అడుగుపెట్టేవారికి మొదట చేతికి తగిలేది, ఒక్క బటన్ నొక్కగానే పని ముగించే సాఫ్ట్‌వేర్. ఫొటో బాగానే వస్తుంది గానీ, అది అలా ఎందుకు వచ్చిందో మాత్రం అంతుపట్టదు. ఉచితంగా దొరికే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ ల్యూమినెన్స్ హెచ్‌డీఆర్ తీరు వేరు. విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటిపైనా పనిచేసే ఈ సాఫ్ట్‌వేర్‌కు ఒకప్పుడు క్యూటీపీఎఫ్ఎస్‌జీయూఐ అనే నోరు తిరగని పేరుండేది. ఇప్పుడు పేరు మారినా చూడటానికి ఇంకా మోటుగానే ఉంటుంది. నాలాంటి సరదా ఫొటోగ్రాఫర్‌కు ఆ మోటుతనమే మేలు చేసిందని కొన్ని నెలలు వాడాక అనిపించింది.

కారణం, ఇది పనిని రెండుగా విడదీసి చూపడం. మొదట ఒకే దృశ్యాన్ని వేర్వేరు ఎక్స్‌పోజర్లతో, అంటే ఎక్కువ తక్కువ వెలుగుతో తీసిన ఫొటోలను కలిపి, దృశ్యంలోని వెలుగునీడల నిష్పత్తిని దాచుకునే ఒక ఫైలును తయారుచేస్తుంది. దానిని ఓపెన్ఈఎక్స్ఆర్ అనే ఫైల్ ఫార్మాట్‌లో భద్రపరచుకోవచ్చు. అంత విస్తృతమైన వెలుగును మామూలు తెర చూపలేదు కనుక, దానిని తెరకు సరిపోయేలా కుదించే టోన్ మ్యాపింగ్ రెండో దశ అవుతుంది. హెచ్‌డీఆర్ అనగానే గుర్తొచ్చే గాఢమైన రంగులు, కృత్రిమమైన మెరుపు ఈ రెండో దశలో మనం చేసే అతివల్ల వచ్చేవే తప్ప, ఫొటోలను కలపడంవల్ల వచ్చేవి కావని నాకు ఇక్కడే తెలిసింది.

నేను సాధన చేసింది ఒక చీకటి గది, అందులో ఎండ పడే కిటికీ ఉన్న దృశ్యంతో. కెమెరాను ట్రైపాడ్‌పై నిలిపి, ఐఎస్ఓ (వెలుగుకు సెన్సర్ స్పందించే తీరు) 100, అపర్చర్ (లెన్స్ రంధ్రం) ఎఫ్ 8 మార్చకుండా, షటర్ వేగాన్ని మాత్రం 1/60, 1/15, 1/4 సెకనుగా పెట్టి మూడు ఫొటోలు తీశాను. అంటే ఒక్కోదానికి మధ్య రెండు స్టాప్‌ల తేడా. ఒక్కో స్టాప్‌కు వెలుగు రెట్టింపవుతుంది కనుక, నాలుగింతల వెలుగు. ఈ వివరాలను సాఫ్ట్‌వేర్ ఫొటోలోని ఎగ్జిఫ్ సమాచారం (కెమెరా ఫొటోతోపాటే నమోదుచేసే సెట్టింగులు) నుంచి తానే చదువుకుంటుంది. ఒకసారి పొరపాటున ఆ సమాచారం లేని ఫొటోలను ఇస్తే, విలువలను నన్నే నింపమంది. స్టాప్ అంటే ఏమిటో నాకు నిజంగా వంటబట్టింది ఆ ఖాళీ గడుల ముందు కూర్చున్నప్పుడే! గాలికి కర్టెన్ కదలడంతో దాని అంచు రెండుగా, దెయ్యపు నీడలా పడింది. అలాంటి చోట్లను సరిచేసే సదుపాయం ఉన్నా, కర్టెన్‌ను కట్టేసి మళ్లీ తీయడమే సులువని తేల్చుకున్నాను.

కొత్తవారు బెంబేలెత్తేది టోన్ మ్యాపింగ్ జాబితా దగ్గర. మాంటియుక్, ఫట్టాల్, డ్రాగో, రైన్‌హార్డ్ వంటి పేర్లన్నీ ఆయా పద్ధతులను రూపొందించిన పరిశోధకులవే కనుక, ఏది ఏం చేస్తుందో పేరునుబట్టి ఊహించలేము. ఈ విషయంలో సాఫ్ట్‌వేర్ నుంచి చిన్న వివరణైనా ఉండాల్సింది. ఫొటోగ్రాఫర్ ఆన్సెల్ ఆడమ్స్ వెలుగునీడలను మెట్లుగా విభజించి చూసే జోన్ సిస్టమ్ స్ఫూర్తితో 2002లో వచ్చిన రైన్‌హార్డ్ పద్ధతితో మొదలుపెట్టడం మేలు. ఫలితం సహజంగా ఉంటుంది. ఫట్టాల్ పద్ధతి గోడ మీది చిన్న గీతను కూడా పైకి తెస్తుంది, దానితోపాటే నీడల్లోని నాయిస్‌నూ (చుక్కల్లాంటి మచ్చలనూ) తెస్తుంది. పైగా దాని ఫలితం ఫొటో పరిమాణాన్నిబట్టి మారుతుంది కాబట్టి, చిన్న ప్రివ్యూలో ముచ్చటగా కనిపించినది పూర్తి పరిమాణంలో వేరుగా వస్తుంది. ఈ సంగతి తెలియక ఒక సాయంత్రమంతా స్లైడర్లతో కుస్తీపట్టాను.

తొందరగా అందమైన ఫొటో కావాలనుకునేవారికి దీనిని సూచించను. చివరి మెరుగులకు ఎలాగూ మరో ఎడిటర్ అవసరమవుతుంది. ఓపికగా నేర్చుకునేవారు మాత్రం తప్పక వాడాలి. ఇప్పుడు నేను షటర్ నొక్కేముందే, ఫొటోలో చీకటి నుంచి వెలుగు వరకు ఏది ఎంత ఉందో చూపే హిస్టోగ్రామ్ గ్రాఫ్‌ను చూస్తున్నాను. అది రెండు అంచులకూ తగలకపోతే, బ్రాకెటింగ్ (వేర్వేరు ఎక్స్‌పోజర్లతో వరుసగా తీయడం) జోలికి పోకుండా, సెన్సర్ సమాచారాన్ని యథాతథంగా దాచే ఒక్క రా (RAW) ఫైలుతోనే సరిపెట్టుకుంటున్నాను.